వాకుడు పొగ

ఆ మంగళవారం పొద్దున ఇంట్లో ఉన్నది వీళ్లు. వసారాలో పీట మీద సూర్యకాంతమ్మగారు. ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని, చెంప పట్టుకుని ఏడుస్తున్న ఏడేళ్ల మనవరాలు వరం. గదిలో చంటిపిల్లాడికి పాలిస్తూ కోడలు కామేశ్వరి. పోర్టులో నైట్ డ్యూటీ దిగొచ్చి ముసుగుతన్ని పడుకున్న కొడుకు నరసింహమూర్తి. వంటింటి గుమ్మం దగ్గర సగం మొహం బయటికీ సగం లోపలికీ పెట్టుకుని నిలబడ్డ రత్నం. టెన్త్ పరీక్షలు రాసి, పిన్ని కామేశ్వరికి సాయంగా ఉండమని ఎలమంచిలి అవతలి పల్లె నుంచి పంపితే వచ్చింది. వీళ్లు కాక, పేటలో పిల్లల పన్నునొప్పికి పొగ పట్టే పోతమ్మ. పోతమ్మని ఇంట్లో మనిషిగా లెక్కెయ్యకూడదు గానీ ఆ పూట ఇల్లంతా ఆవిడదే.

పోతమ్మ గంప దించి సామాను ఒక్కొక్కటే తీసింది. అడుగున చిల్లు పెట్టిన పాత కుండ. అరచేయంత ఇనపరేకు. గుడ్డమూటలో ఎండిన గింజలు, బీడులో పెరిగే వాకుడు ముళ్లమొక్కవి. దారిలో ఎవరి దొడ్లోనో కోసుకొచ్చిన బొప్పాయాకు కాడ.

"ఓలె గుంటా, గుమ్మానికి అతికించినట్టు అలా నిల్సుంటే పనవుద్దేటి? ఇత్తడి పల్లెం అట్రా. నిండా నీల్లొయ్యి. ఈ రేకు పొయ్యిలో ఎట్టి ఎర్రగా కాల్చు. బేగి," అంది.

రత్నం మాట్లాడకుండా పళ్లెం తెచ్చింది. వసారా గట్టు మీద పోర్టు నుంచి ఎగిరొచ్చి రాత్రికి రాత్రే పేరుకున్న ఎర్రటి ఇనపఖనిజం దుమ్ము తుడిచి పళ్లెం అక్కడ పెట్టింది. నీళ్లు పోసింది. రేకు కాల్చి పట్టకారుతో పట్టుకొచ్చింది.

నీళ్ల మధ్య ఇటుకముక్క, ఇటుక మీద ఎర్రటి రేకు. పోతమ్మ గింజల్ని ఆముదంతో తడిపి రేకు మీద జల్లింది. అవి చిటపటమంటూ ఎగిరాయి. ఎగిరినవి బయట పడకుండా వెంటనే కుండ బోర్లించింది. చిల్లులోంచి సన్నగా పొగ లేచింది. చిల్లులో బొప్పాయి కాడ గుచ్చి, రెండో కొస వరం నోట్లో పెట్టింది.

"పొగ మింగీకు. పంటి మీద ఆపు. ఊపిరాడక పురుగులన్నీ ఈ గొట్టం దారమ్మట కుండలోకి దిగిపోతాయి."

వరం కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారాయి. నోట్లోంచి చొంగ కారి గౌను తడిసింది. సూర్యకాంతమ్మగారు మనవరాలి తల గట్టిగా పట్టుకుని, దానికంటే ఎక్కువగా తనే మొహం చిట్లించుకుంది. కాసేపటికి పోతమ్మ కుండ ఎత్తింది.

"సూసుకోండి అమ్మగోరూ."

నీళ్ల మీద తేలుతున్నాయి. తెల్లగా, దారప్పోగుల్లా, కొసలు వంకీ తిరిగి.

"ఎన్నున్నాయే తల్లీ," అంటూ సూర్యకాంతమ్మగారు గుండె మీద చెయ్యేసుకుంది. "పసిదాని నోట్లో ఇన్ని చేరితే ఏడవదూ మరి."

పొగకి దవడ మొద్దుబారి వరం ఏడుపు ఆపింది. సూర్యకాంతమ్మగారికి అంతకంటే ఏం కావాలి. బొడ్లో సంచి తీసి, పటికబెల్లం ముక్క ఏరి మనవరాలి బుగ్గలో పెట్టింది. "ఏడుపు మానిన బంగారుతల్లికి ఇది. రాత్రి పడుకునేటప్పటి ముక్క మళ్లీ వేరే." కాకినాడ నుంచి వచ్చేటప్పుడు ఆవిడ ట్రంకుపెట్టెలో మనవరాలి కోసం పటికబెల్లం, మామిడితాండ్ర చుట్టలు చీరలకంటే ఎక్కువ చోటు తీసుకున్నాయి.

పోతమ్మ తనకిచ్చిన బియ్యం కొంగున కట్టుకుని లేచింది. మిగిలిన గింజల మూట రత్నం చేతిలో పెట్టింది. "రేపు సందేళ ఓపాలి పట్టు. అప్పటికీ తగ్గాపోతే సుక్కురోరం మా ఇంటోడు గురువుల్ని అట్టుకొస్తాను. పట్టకారెట్టి లాగీసి పోతాడు. పాలపన్నే కదేటి, మల్లీ మొలుస్తాది."

గదిలోంచి నరసింహమూర్తి దుప్పటి కిందనుంచే అడిగాడు. "మీ గురువులు ఆటోనగర్లో లారీ షెడ్డులో కదే పనిచేసేది?"

"అవును బాబూ. తుప్పట్టిన నట్టు ఇప్పినోడికి పిల్ల పన్నో లెక్కేటి?"

నరసింహమూర్తి దుప్పట్లో నవ్వాడు. "సరే, శుక్రవారం నాకు సెలవే. రమ్మను. అదేదో పీకించేస్తే గొడవొదిలిపోతుంది."

అంతే, నిర్ణయమైపోయింది. గుమ్మం దగ్గర రత్నం నాలుక దానంతటదే కుడి కిందిదవడలో ఖాళీగా ఉన్న చోటికి వెళ్లి ఆగింది.

మర్నాడు పొద్దున నూతి దగ్గర వరం పళ్లపొడి వేలికద్దుకుని ముందుపళ్లు మాత్రం తోమి, "అయిపోయింది," అని చెంబు అందుకుంది. రత్నం చెంబు ఇవ్వలేదు.

"ఎండకేసి నోరు తెరు."

"ఎందుకు?"

"నీ పళ్లలో నా మొహం కనపడుద్దేమో సూస్తాను."

వరం నవ్వి నోరు తెరిచింది. ముందు రెండు పాలపళ్లు ఊడి, వాటి చోట కొత్తవి రంపంలా మొనలు పెడుతున్నాయి. రత్నం చూపు వాటి మీద నిలవలేదు. కుడివైపు కిందిదవడ చివర, పాలపళ్లన్నీ అయిపోయాక, ఒక పెద్ద పన్ను ఉంది. మిగతా వాటికంటే వెడల్పు. దాని మధ్య గాడి నల్లబడి చిల్లు పడింది. చిల్లులో రాత్రి తిన్న తాండ్ర పీచు ఇరుక్కుంది. వేలితో కదిపితే కదల్లేదు. ఊడబోయే పాలపన్నైతే ఎంతో కొంత కదలాలి.

ఆ చోటు రత్నానికి బాగా తెలుసు. తను ఇంతే ఉన్నప్పుడు అమ్మ ఎలమంచిలి సంతకి తీసుకెళ్లింది. గోనెపట్టా మీద పీకిన పళ్లు కుప్ప పోసుకుని కూచున్న మనిషి, పాలపన్నేనమ్మా అంటూ సరిగ్గా అక్కడి పన్నే పీకాడు. ఆ చోటు ఇప్పటికీ ఖాళీయే. పక్కపన్ను ఆ ఖాళీలోకి ఒరిగిపోయింది. అప్పట్నుంచి నవ్వినా మాట్లాడినా రత్నం చెయ్యి నోటి మీదే ఉంటుంది. అన్నం ఎడమవైపే నములుతుంది.

చంటివాడి గుడ్డలు మడతపెడుతూ పిన్నికి చెప్పింది. కామేశ్వరిదీ ఎలమంచిలి వైపే. అత్తగారి ముందు కాకినాడ మాట మాట్లాడినా, రత్నం దగ్గర సొంత మాట వచ్చేస్తుంది.

"పిన్నీ, వరానిది పాలపన్ను కాదు."

"నీకెలా తెలుసే?"

"నాదీ పాలపన్నే అన్నారు. పీకించీసింది అమ్మ. మరి రానేదు."

కామేశ్వరి మడత ఆపి రత్నం మొహంలోకి చూసింది. "మా అత్తగారితో నాను సెప్పలేను. ఆవిడకి కోడలు సెప్పిందంటే అది ముందే అబద్ధం. నువ్వు సెప్పు."

"నానా?"

"నువ్వే. నోటికి సెయ్యి అడ్డెట్టుకోకుండా సెప్పు."

సాయంత్రం పోతమ్మ చెప్పినట్టే రత్నం పొగ ఏర్పాటంతా చేసింది. రేకు కాలింది. గింజలు చిటపటలాడాయి. కుండ బోర్లించి, కాడ గుచ్చి చూసేసరికి పొగ పట్టాల్సిన మనిషి లేదు. వరం గోడ దూకి పక్కింటివాళ్ల మేకపిల్ల దగ్గరికి పారిపోయింది. రత్నం పిలిచింది, బతిమాలింది. మేకపిల్లని కౌగిలించుకుని వరం రానంది. ఇవతల బొప్పాయి కాడలోంచి పొగ ఎవరి నోట్లోకీ పోకుండా దొడ్లోకి పోయింది.

రత్నం తిరిగొచ్చి, ఇక తీసేద్దామని కుండ ఎత్తింది.

పళ్లెంలో పురుగులు తేలుతున్నాయి.

నిన్నటిలాగే తెల్లగా, కొసలు వంకీ తిరిగి. ఆమె పళ్లెం ముందు గొంతుక్కూచుంది. ఒకదాన్ని చీపురుపుల్లతో పైకి తీసి గోటి మీద పెట్టుకుంది. దానికి తలా లేదు, తోకా లేదు, కదలికా లేదు. మూటలోంచి వాకుడు గింజ తీసి, తడిపి, గోటితో నొక్కి పొట్టు చీల్చింది. లోపల చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది, సరిగ్గా అదే. పెసలు నానబోస్తే బయటికొచ్చే మొలకలాంటిది. వేడికి పొట్టు పగిలి మొలక ఎగిరి నీళ్లలో పడుతోంది.

రత్నానికి నవ్వొచ్చింది. దొడ్లో ఎవరూ లేకపోయినా చెయ్యి అలవాటుగా నోటి మీదికి వెళ్లింది.

గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక సూర్యకాంతమ్మగారు తాండ్ర ముక్క తెంపి మనవరాలికిచ్చింది. వరం కొరికిందో లేదో, చెంప పట్టుకుని కేక పెట్టింది.

"రేపు గురువులొస్తాడులే నాన్నా. చిటికెలో పీకేస్తాడు," అని ఆవిడ వీపు నిమిరింది. కేక మానడానికి మళ్లీ పటికబెల్లం ముక్కే పెట్టింది. అది నొప్పిమీద నొప్పి అయింది.

రత్నం పొద్దుట్నుంచీ ఒకే వాక్యం మనసులో తయారు చేసుకుంటోంది. మామ్మగారూ, అది పురుగు కాదండీ. బావుంది గానీ నోట్లోంచి రావడం లేదు. వచ్చినా ఆవిడ నమ్మదు. కళ్లారా చూసిన మనిషి విన్న మాట ఎందుకు నమ్ముతుంది? కళ్లతో చూసినదాన్ని కళ్లకే మళ్లీ చూపించాలి.

సూర్యకాంతమ్మగారు తాండ్రని తన చిగుళ్ల మధ్య నానబెట్టుకుంటూ దవడ నొక్కుకుంది. ఆవిడ నోట్లో ఒక్క పన్ను లేదు. జంతికలు కూడా మజ్జిగలో నానేసుకునే తింటుంది.

"మామ్మగారూ," అంది రత్నం.

సూర్యకాంతమ్మగారు చుట్టూ చూసింది, మాట ఎక్కణ్ణుంచి వచ్చిందా అని. "నువ్వు మాట్లాడతావేంటే?"

"మీకు చిగుళ్లు సలుపుతున్నట్టున్నాయండీ. గింజలు మిగిలాయి. పొగ పట్టమంటారా?"

"నేనడక్కుండానే సాయం చేస్తాననేదానివి నువ్వొక్కదానివే. పట్టు."

రత్నం రేకు కాల్చింది. వరం నొప్పి మర్చిపోయి పళ్లెం పక్కన బోర్లా పడుకుంది. సూర్యకాంతమ్మగారు పీట మీద కాళ్లు జాపుకుని, చుట్ట కాల్చే మగాడిలా ధీమాగా బొప్పాయి కాడ నోట్లో పెట్టుకుంది. పొగ ఆ బోసినోట్లో తిరిగి తిరిగి బయటికొచ్చింది. "హాయిగానే ఉందే," అంది. రత్నం కుండ ఎత్తింది.

"మామ్మా, నీకూ పురుగులే," అంది వరం.

"ఉండవూ మరి. ముసలి నోరు కదా."

వరం పళ్లెంలోకి చూసింది. మామ్మ నోట్లోకి చూసింది. మళ్లీ పళ్లెంలోకి చూసింది. "నీకు పళ్లే లేవుగా మామ్మా. ఇవి ఎక్కడున్నాయి ఇన్నాళ్లూ?"

గదిలో కామేశ్వరి దగ్గింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

సూర్యకాంతమ్మగారు కాడ కింద పెట్టింది. పళ్లెం మీదికి వంగి చాలాసేపు చూసింది. తలెత్తి రత్నం వైపు తిరిగింది. "నీకు ముందే తెలుసా?"

రత్నం చెయ్యి పైకి లేచింది, సగం దాకా వచ్చి దిగిపోయింది. "నిన్న ఎవరూ నోరు పెట్టకుండానే పడ్డాయండి." ఒక గింజ చీల్చి ఆవిడ అరచేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది, ఎండలోకి తిప్పింది, బొటనవేలితో చిదిమింది. లేచి, పళ్లెం తనే తీసుకెళ్లి నీళ్లు కాలవలో పారబోసి వచ్చింది.

"సరే, పురుగు లేదు. పిల్లకి నొప్పుంది కదా? అది అబద్ధం కాదు కదా?"

"కాదండి. పన్నుకి చిల్లు పడింది. తిన్నదల్లా అందులో ఇరుక్కుంటోంది."

"చిల్లు పడ్డదాన్ని పీకేస్తే పోయె. పాలపన్నే కదా."

అప్పుడే నరసింహమూర్తి పగటి డ్యూటీ దిగి వచ్చాడు. చొక్కా, కనుబొమలు, చెవులు అన్నీ ఎర్రదుమ్ము. చెప్పులు విప్పుతూ, "ఏంటి, వసారాలో యూనియన్ మీటింగు పెట్టారు?" అన్నాడు.

రేపు పట్టకారు వస్తుంది. ఇంక సమయం లేదు. రత్నం బాబాయి ముందుకొచ్చి నిలబడింది. ఆయన ముందు ఆ పిల్ల అలా నిలబడ్డం అదే మొదలు. మాటకి బదులు నోరు తెరిచింది. పడమటి ఎండ నేరుగా దవడ దాకా పడేలా తల ఎత్తి, వేలితో పెదవి పక్కకి లాగి చూపించింది.

"ఏంటమ్మా అక్కడ?"

"ఏం లేదు బాబాయ్. అదే సూపిస్తన్నాను. వరానికి పీకుతామంటన్న పన్నే ఇది. నాదీ పాలపన్నే అన్నారు."

"ఎప్పుడు పీకించారు?"

"నాను వరం అంత ఉన్నప్పుడు."

నరసింహమూర్తి కూతుర్ని పిలిచి, దాని నోరు తెరిపించి చూశాడు. మళ్లీ రత్నాన్ని తెరవమన్నాడు. పోర్టులో క్రేను మీద కూచుని బరువు ఎటు ఒరుగుతుందో చూసే మనిషి. రెండు నోళ్లూ పోల్చడానికి ఆయనకి ఎక్కువసేపు పట్టలేదు. మొహంలో నవ్వు పోయింది.

సూర్యకాంతమ్మగారు వచ్చి కొడుకుని పక్కకి తప్పించింది. అడగా పెట్టకుండా రత్నం నోట్లో వేలు పెట్టి ఆ ఖాళీ తడిమింది. అక్కడితో ఆగక పక్కనున్న ఒరిగిన పన్ను నొక్కింది. రత్నం ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. ఆవిడ చెంబందుకుని చెయ్యి కడుక్కుంది.

"రేపు పెద్దాసుపత్రికి పోదాం," అంది.

"మరి గురువులొస్తాడు కదమ్మా?"

"వస్తే రానీ. నేను మాట్లాడతాను."

శుక్రవారం పొద్దున్నే గురువులు వచ్చాడు. వెనక పోతమ్మ. కిరసనాయిల్తో కడిగి పాతగుడ్డలో చుట్టిన పట్టకారు అతని చేతిలో ఉంది. దాన్ని చూడగానే వరం తండ్రి కాళ్లని చుట్టేసుకుంది.

"దాంతో మా నూతి దగ్గర కుళాయి చూడు నాయనా," అంది సూర్యకాంతమ్మగారు. "తిప్పితే తిరగడం లేదు. పిల్ల సంగతి మేం చూసుకుంటాం."

గురువులు పెళ్లాం వైపు చూసి, భుజాలెగరేసి కుళాయి దగ్గరికి వెళ్లాడు. నిజానికి అతనికదే సుఖంగా ఉన్నట్టుంది.

"ఏటమ్మగోరూ, నా పొగ మీద నమ్మకం పోయిందేటి?" అంది పోతమ్మ. "మా అత్త నేర్పింది నాకు. ఈ పేటలో ఎంతమంది పిల్లలకి పట్టేనో."

"నువ్వు మోసం చేశావని నేననలేదే. ఇంటికెళ్లి ఓసారి ఎవరి నోట్లోనూ పెట్టకుండా పట్టి చూడు. చూశాక కాఫీకి రా, మాట్లాడుకుందాం."

పోతమ్మ మొహం ఎర్రబడింది. గింజల మూట వెనక్కి తీసుకుని, దారిపొడుగునా దాన్ని వేళ్లతో నలుపుతూ వెళ్లింది.

పెద్దాసుపత్రిలో పళ్ల విభాగం ముందు బల్ల మీద చాలాసేపు కూచున్నారు. నరసింహమూర్తి టీ తాగొస్తానని వెళ్లాడు. లోపలికి పిలిచింది పొడుగ్గా, సన్నగా, కొంగు నడుముకి దోపుకున్న డాక్టరమ్మ. పేరు షహజాది. వరాన్ని కుర్చీలో కూచోబెట్టి, అద్దం ముక్క అతికిన పుల్ల నోట్లో పెట్టి చూసింది.

"మంచిపని చేశారు తీసుకొచ్చి. ఇది పాలపన్ను కాదండీ. ఆరేళ్లప్పుడు, ఏ పన్నూ ఊడకుండానే అన్నిటికీ వెనకాల వస్తుంది. అందుకే అందరూ పొరబడతారు. పీకితే ఇంకోటి రాదు."

"అది మాకు ఇంట్లోనే తెలిసింది," అంది సూర్యకాంతమ్మగారు, రత్నం వైపు చూడకుండా. "పురుగు కాకపోతే పన్నుని తొలిచిందేంటమ్మా మరి?"

"కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు నిలవ ఉంచితే ఏమవుతుంది?"

"చిలుమెక్కుతుంది. పులుపు గిన్నెని తినేస్తుంది."

"ఇదీ అంతే. తీపి పంటికి అంటుకుని ఉంటే, నోట్లో కంటికి కనపడని క్రిములు దాన్ని పులియబెడతాయి. ఆ పులుపు పన్నుని తినేస్తుంది. పడుకునేటప్పుడు ఏమైనా పెడుతున్నారా పాపకి?"

సూర్యకాంతమ్మగారి చెయ్యి బొడ్లో సంచి మీదికి వెళ్లింది. వరం అద్దం పుల్ల పక్కనుంచే, "పటికబెల్లం," అంది.

"అయితే నేనే చేశాను," అంది సూర్యకాంతమ్మగారు.

"తెలీక పెట్టారు. ఇక మీదట పెడితే అన్నంతో పాటే పెట్టండి, తినగానే నోరు పుక్కిలించమనండి. పడుకునే ముందు వెనకపళ్లు కూడా తోమించండి. ఆ తర్వాత నీళ్లు తప్ప ఏమీ వద్దు. చిల్లు ఇంకా నరం దాకా పోలేదు. శుభ్రం చేసి పూడ్చేస్తాను. మళ్లీ కళాయి వేసినట్టే."

"కళాయి సంగతి నీకెలా తెలుసమ్మా?"

"మా నాన్న వన్ టౌన్లో కళాయి వేసేవారండీ."

"హుస్సేన్ బాషా కూతురివా?" సూర్యకాంతమ్మగారి మొహం విప్పారింది. "నేనొచ్చినప్పుడల్లా మా గిన్నెలు ఆయన చేతికే ఇచ్చేదాన్ని. ఇంకేం. నిశ్చింతగా కానీ."

మిషను గుయ్‌మంది. వరం రత్నం వేళ్లని పట్టుకుని నలిపేసింది గానీ ఏడవలేదు. లేచాక నాలుకతో ఆ పన్ను తడుముకుని, "గిన్నెలా ఉంది," అంది గర్వంగా. దాని చెయ్యి పట్టుకుని రత్నం తలుపు దాటి వరండాలోకి వచ్చేసింది. పని అయిపోయింది. ఊపిరి పీల్చుకుంది.

వెనకనుంచి సూర్యకాంతమ్మగారు వచ్చి ఆమె జబ్బ పట్టుకుంది.

"ఎక్కడికే? లోపలికి నడు." డాక్టరమ్మకి వినపడేలా గొంతు పెంచింది. "అమ్మా, ఈ పిల్లనీ చూడు. కుడివైపు నమలదు. చల్లనీళ్లు తాగితే ఒక కన్ను మూస్తుంది. నిన్న వేలు పెడితే ఎగిరిపడింది."

"నాకేం లేదండి మామ్మగారూ. వద్దండి."

"నాకు పళ్లు పోయాయి గానీ కళ్లు పోలేదు. వచ్చిన రోజునే చూశాను. సిగ్గనుకుని ఊరుకున్నాను, అది నా తప్పు. పోయిన పన్ను పోయింది, దాని పక్కది పోకూడదు. మీ అమ్మకి నేను చెప్పుకుంటాను. నడు."

షహజాది కుర్చీ మీద కొత్త గుడ్డ పరిచి, అద్దం పుల్ల కడుగుతోంది. రత్నం లోపలికి అడుగు పెట్టి వెనక్కి తిరిగి చూసింది. సూర్యకాంతమ్మగారు పటికబెల్లం సంచి వరానికి అందకుండా ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో వరండాలోంచి తలుపు రెక్క లాగి, ఆమె మొహం మీదే మూసేసింది.